బోరు నీటికి సాఫ్ట్‌నర్: కొత్త ఇంట్లో ఇప్పుడే పెట్టించాలా, కొంతకాలం ఆగాలా?

కొత్తిల్లు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. శామీర్‌పేట దాటిన తర్వాత కొన్న స్థలంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటున్నాం. పై స్లాబు పూర్తయింది. గోడల్లో పైపుల కోసం గాడులు కొట్టే పని త్వరలో మొదలు కాబోతోంది కాబట్టి నీటి సంగతి ఇప్పుడే తేల్చుకోవలసి వచ్చింది. ప్రస్తుతానికి మాకున్న ఆధారం బోరు ఒక్కటే. గోదావరి నీళ్ల పైపు మా కాలనీ మొదటి వీధి వరకు వచ్చింది గాని, మా వీధికి ఎప్పుడు వస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పడం లేదు.

సాఫ్ట్‌నర్లు, అంటే కఠిన జలాన్ని మెత్తబరిచే యంత్రాలు అమ్మే ఒకాయన వచ్చి, బకెట్‌లో టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) మీటరు ముంచి, 880 చూపించి, "ఇంత ఉంటే సాఫ్ట్‌నర్ లేకుండా గృహప్రవేశమే చేయకూడదు సార్" అన్నారు. 25 లీటర్ల రెజిన్ (కఠినత్వాన్ని పట్టుకునే గుళికలు) పట్టే ఆటోమేటిక్ యంత్రానికి కొటేషన్ కూడా ఇచ్చి వెళ్లారు. ఆ ఒక్క మీటరు మీద ఆధారపడటం ఇష్టం లేక నవంబరులో నీటిని ప్రయోగశాలకు పంపించాం. వచ్చిన అంకెలు ఇవి, పీహెచ్ తప్ప అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో: పీహెచ్ 7.4, టీడీఎస్ 880, మొత్తం కఠినత్వం 560, క్యాల్షియం 120, మెగ్నీషియం 63, ఆల్కలినిటీ 340, క్లోరైడ్ 180, సల్ఫేట్ 96, సోడియం 76, నైట్రేట్ 38, ఫ్లోరైడ్ 1.2, ఇనుము 0.1.

ఇంట్లో మేం ఐదుగురం ఉంటాం. మా అమ్మగారికి రక్తపోటు ఉంది. సాఫ్ట్‌నర్ నిజంగా అవసరమా, అవసరమైతే ఇల్లంతటికీ పెట్టాలా, స్నానాల గదులకు మాత్రమే సరిపోతుందా, ఆ నీళ్లు అమ్మ తాగవచ్చా అనేవి నా ప్రశ్నలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పరీక్షనాళిక

కొత్తిల్లు గారూ, ముందుగా ఆ మీటరు గురించి చెప్పాలి. టీడీఎస్ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకత. దాన్ని ఒక గుణకంతో హెచ్చించి అంకె చూపిస్తుంది. నీటిలో కరిగి ఉన్నది క్యాల్షియమా, సోడియమా అన్నది దానికి తెలియదు. సముద్రతీర గ్రామాల్లో టీడీఎస్ చాలా ఎక్కువగా ఉండి, అందులో అధికభాగం మామూలు ఉప్పే అయిన బోర్లు ఉంటాయి. అక్కడ సాఫ్ట్‌నర్ పెట్టినా నీళ్ల ఉప్పదనం తగ్గదు. ఇంకో సంగతి: సాఫ్ట్‌నర్ బిగించిన తర్వాత అదే మీటరు ముంచి చూడమనండి. అంకె తగ్గదు, ఒకవేళ మారితే కాస్త పెరుగుతుంది. తగ్గించలేని దాన్ని చూపించి యంత్రం అమ్మడం వింతగా లేదూ!

నిర్ణయానికి పనికొచ్చే అంకె మొత్తం కఠినత్వం, అంటే నీటిలోని క్యాల్షియం, మెగ్నీషియంలను క్యాల్షియం కార్బనేట్‌గా లెక్కగట్టిన అంకె. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వర్గీకరణ ప్రకారం లీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే అది బాగా కఠినమైన నీరు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం కఠినత్వానికి ఆమోదయోగ్యమైన పరిమితి 200, వేరే ఆధారం లేనప్పుడు అనుమతించే గరిష్ఠ పరిమితి 600. మీ 560 ఈ రెండో గీతకు లోపలే ఉంది గాని, గీజర్లకూ కుళాయిలకూ మాత్రం ఇది కష్టమైన నీరే. అదీగాక మీరు నమూనా తీసింది నవంబరులో, అంటే వానలకు భూగర్భ జలం పెరిగి ఉన్న సమయంలో. మే నెలలో అదే బోరు ఇంకా ఎక్కువ చూపించే అవకాశం ఉంది.

మీ నివేదికలో అంతకంటే ఉపయోగపడే అంకె ఆల్కలినిటీ 340. మీ కఠినత్వంలో అంత భాగం బైకార్బనేట్ల వల్ల వచ్చిన తాత్కాలిక కఠినత్వమని, మిగిలిన 220 క్లోరైడ్, సల్ఫేట్ల వల్ల వచ్చిన శాశ్వత కఠినత్వమని స్థూలంగా అనుకోవచ్చు. నీళ్లు వేడెక్కినప్పుడు బైకార్బనేట్ విడిపోయి కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, క్యాల్షియం కార్బనేట్ గీజర్ లోపల పేరుకుంటుంది. కాబట్టి మీ ఇంట్లో మొదట దెబ్బతినేవి నీళ్లు వేడిచేసే సామాన్లు. శాశ్వత కఠినత్వం మరిగించినా పోదు. అది సబ్బుతో కలిసి, నురగ రానివ్వకుండా, బకెట్ అంచులకు బూడిదరంగు మడ్డిగా అంటుకుంటుంది.

తాగే నీటి విషయానికి వస్తే, నివేదికలో మీరు ముందుగా చూడవలసింది కఠినత్వం కాదు, ఫ్లోరైడ్. దాని ఆమోదయోగ్య పరిమితి 1.0, గరిష్ఠ పరిమితి 1.5. మీది 1.2. నైట్రేట్ పరిమితి 45, అక్కడ ఎలాంటి సడలింపూ లేదు. మీది 38. సాఫ్ట్‌నర్ ఈ రెండింటినీ తాకదు. తాగడానికి ఆర్వో ఎలాగూ కావాలి. అది సాఫ్ట్‌నర్‌తో ముడిపడని వేరే నిర్ణయం.

పాతబోరు

మాది నల్లగొండ జిల్లా. మీ 560 మా ఊళ్లో చాలామందికి మంచినీళ్ల కిందే లెక్క. ఇన్నేళ్లుగా బోరు నీళ్లతోనే ఇల్లు నడుస్తోంది, సాఫ్ట్‌నర్ ముఖం చూడలేదు. గీజర్‌ను యాభై, యాభై ఐదు డిగ్రీల దగ్గర ఉంచితే సున్నం పట్టడం బాగా తగ్గుతుంది. అరవై దాటించి, పొగలు కక్కే నీళ్లలో చన్నీళ్లు కలుపుకునే అలవాటు వల్లే సగం గీజర్లు చెడిపోతున్నాయి. బట్టలకు సబ్బు బిళ్ల మాని డిటర్జెంట్ పొడి వాడితే నురగ సమస్య చాలావరకు తీరుతుంది. కుళాయి మూతిలోని జాలీని మరతిప్పి తీసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే పొద్దుటికి శుభ్రంగా వస్తుంది. షవర్ తలకాయకూ అదే వైద్యం. అయితే ఆ పులుపు నీళ్లు పాలరాతి గచ్చు మీద పడకుండా చూసుకోవాలి, పడితే మెరుపు పోతుంది.

గోదావరి నీళ్లు రేపో మాపో వస్తాయంటున్నారు. వస్తే మీరు కొన్న యంత్రం మేడ మీద అలంకారంగా మిగులుతుంది. యంత్రంలో వేసే ఉప్పు మూటలు మోసేదెవరు, యంత్రం కడిగిన నీళ్లు ఎక్కడికి పంపాలి అన్నవి అమ్మేవాళ్లు చెప్పరు.

పైపులైను

పాతబోరు గారి చిట్కాలన్నీ పనిచేసేవే. కాకపోతే అవి నెలనెలా ఎవరో ఒకరు చేస్తూ ఉండాలి, చాలా ఇళ్లలో ఎవరూ చేయరు. ఇలాంటి నీళ్లు వాడిన గీజర్‌ను సర్వీసుకు విప్పినప్పుడు కనిపించేది చెబుతాను. ఫ్లాంజ్ బోల్టులు తీసి ఎలిమెంటును బయటకు లాగబోతే అది రాదు. కడ్డీ చుట్టూ పేరుకున్న సున్నం రంధ్రం కంటే లావై ఉంటుంది. అటూ ఇటూ కదిలించి లాగితే ఆ పూత గుడ్డు పెంకుల్లా రాలి పడుతుంది. ట్యాంకు అడుగున అప్పటికే అలాంటి ముక్కలు ఎలిమెంటు మునిగేంత ఎత్తున పోగుపడి ఉంటాయి. వేడి నీటికి చేరకుండా ఆ సున్నంలోనే చిక్కుకుంటుంది కాబట్టి కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి కడ్డీ చిట్లిపోతుంది. తుప్పు పట్టకుండా ట్యాంకును కాపాడే మెగ్నీషియం యానోడ్ కడ్డీని ఎప్పటికప్పుడు చూసుకోవాలన్న మాట అలా ఉంచండి, కొన్ని ఇళ్లలో అలాంటిదొకటి ఉంటుందనే తెలియదు.

కొత్తిల్లు గారు అడగని ప్రశ్న ఒకటుంది. యంత్రం కంటే అది ముఖ్యం: దాన్ని ఎక్కడ బిగిస్తారు? సాఫ్ట్‌నర్ సీసాలోంచి నీళ్లు పోవాలంటే ఒత్తిడి కావాలి. పది మీటర్ల ఎత్తు నుంచి పడే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. మేడ మీద ట్యాంకుకూ పై అంతస్తు స్నానాల గదికీ మధ్య రెండు మూడు మీటర్లు మించి ఎత్తు ఉండదు, అంటే పావు బార్ చుట్టుపక్కల. ట్యాంకు కింద నేరుగా సాఫ్ట్‌నర్ పెట్టిన ఇళ్లలో షవర్ ఏడుస్తూ కారుతుంది.

అందుకని చాలామంది సంపు నుంచి పై ట్యాంకుకు పోయే లైను మీద, మోటారు పక్కనే బిగిస్తారు. ఒత్తిడి మోటారు ఇస్తుంది. అయితే అక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఇళ్లలో సంపుకు పెట్టే మోటారు గంటకు మూడు నాలుగు వేల లీటర్లు తోడేస్తుంది. 25 లీటర్ల రెజిన్ గంటకు వెయ్యి లీటర్లకు మించితే సరిగా పనిచేయదు. నీళ్లు రెజిన్ మధ్యలో దారి చేసుకుని, సున్నంతో సహా పైకి వెళ్లిపోతాయి. రెండు, మీకు కొటేషన్ ఇచ్చింది ఆటోమేటిక్ వాల్వు. అది అర్ధరాత్రి తనంతట తాను ఉప్పు నీళ్లతో రెజిన్‌ను కడుక్కోవాలి. ఆ సమయంలో మోటారు ఆగి ఉంటే లైనులో ఒత్తిడి ఉండదు, కడుక్కోవడం జరగదు. గడియారం మాత్రం కడిగేసినట్టే ముందుకు తిరుగుతుంది. తర్వాత వారమంతా కఠిన జలమే వస్తుంటే యంత్రం పాడైందని ఫోన్లు చేస్తారు. మోటారు లైను మీదైతే చేత్తో తిప్పే వాల్వు తీసుకుని, మోటారు నడిచేటప్పుడే కడగాలి. ఆటోమేటిక్ కావాలంటే పై ట్యాంకు తర్వాత చిన్న ప్రెషర్ పంపు పెట్టి, దాని తర్వాత సాఫ్ట్‌నర్ బిగించాలి. ఎక్కడ పెట్టినా మూడు వాల్వుల బైపాస్ (యంత్రాన్ని తప్పించి నీళ్లు నేరుగా పోయే దారి) తప్పనిసరి.

కొత్తిల్లు

పైపులైను గారూ, కొటేషన్ కాగితంలో ఈ ఒత్తిడి మాట ఎక్కడా లేదు. మా సంపు మోటారు ఒక హెచ్‌పీ. పాతబోరు గారు అడిగిన ఉప్పు, కడిగిన నీళ్ల లెక్క మా విషయంలో ఎంత ఉంటుందో ఎవరైనా వేసి చూపించగలరా? "నెలకు రెండు ప్యాకెట్లు" అని అమ్మే ఆయన అన్నారు గాని, ప్యాకెట్ ఎంతదో చెప్పలేదు.

పరీక్షనాళిక

లెక్క కష్టం కాదు. రెజిన్ గుళికల మీద సోడియం అంటుకుని ఉంటుంది. కఠిన జలం పోతున్నప్పుడు అవి క్యాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియంను నీటిలోకి వదులుతాయి. సోడియం అయిపోయాక చిక్కటి ఉప్పు ద్రావణం పంపితే మళ్లీ మొదటికి వస్తాయి. ఒక లీటరు రెజిన్‌కు 150 గ్రాముల ఉప్పు వాడితే సుమారు 50 గ్రాముల కఠినత్వాన్ని పట్టుకుంటుందని అనుకుందాం. మీ 25 లీటర్ల రెజిన్ ఒక విడతలో 1,250 గ్రాములు పట్టుకుంటుంది, ఒక్కో కడుగుకు 3.75 కిలోల ఉప్పు తీసుకుంటుంది.

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రణాళికల్లో లెక్కిస్తారు. ఐదుగురికి 675 లీటర్లు. కఠినత్వాన్ని 560 నుంచి 60కి దించితే లీటరుకు అర గ్రాము తీసినట్టు. అంటే రోజుకు సుమారు 337 గ్రాములు, దాదాపు మూడున్నర రోజులకొక కడుగు, నెలకు 30 కిలోల ఉప్పు.

ఇప్పుడు అసలు విషయం. ఆ 135 లీటర్లలో 45 లీటర్లు మరుగుదొడ్డి ఫ్లష్‌కు పోతాయని భవన నిర్మాణ ప్రమాణాల్లోనే ఉంది. ఫ్లష్ ట్యాంకులోకి మెత్తటి నీళ్లు పంపడమంటే ఉప్పును దొడ్లో పోయడమే. ఆ లైను విడదీస్తే రోజుకు 450 లీటర్లే యంత్రంలోంచి పోతాయి. ఐదున్నర రోజులకొక కడుగు, నెలకు సుమారు 20 కిలోలు. కిలో పదిహేను రూపాయలనుకుంటే మూడు వందలు. ఒక్కో కడుగుకు సుమారు 150 నుంచి 200 లీటర్ల నీళ్లు కాలువలోకి పోతాయి. పాతబోరు గారి అభ్యంతరాల్లో నాకు బరువైనదిగా కనిపించేది ఉప్పు ఖర్చు కాదు, ఈ నీటి వృథా.

కొనేటప్పుడు రోజుల లెక్కన కాకుండా వాడిన లీటర్ల లెక్కన కడిగే మీటరు వాల్వు అడగండి. మీరు పండక్కి ఊరెళ్లినా రోజుల వాల్వు ఉప్పు తింటూనే ఉంటుంది.

పెరటితోట

ఈ కడిగిన నీళ్ల గురించి ఒక హెచ్చరిక. కొత్త ఇళ్లకు ఇంకుడు గుంత తవ్విస్తున్నారు, బోరు పక్కనే తవ్వించేవారూ ఉన్నారు. మేడ మీది పైపులన్నీ కలిపేసే పనివాళ్లు సాఫ్ట్‌నర్ డ్రెయిన్‌ను వాన నీటి గొట్టంలో కలిపారంటే, ఉప్పు నీళ్లన్నీ ఇంకుడు గుంతలోకి, అక్కడి నుంచి మీ బోరులోకే వస్తాయి. ఆ డ్రెయిన్ తప్పకుండా మురుగు లైనులోకే వెళ్లాలి. మీ కాలనీలో భూగర్భ డ్రైనేజీ లేక సెప్టిక్ ట్యాంకు, దాని వెనక ఇంకుడు గొయ్యి ఉంటే నేనైతే సాఫ్ట్‌నర్ వద్దనే అంటాను, ఎందుకంటే ఆ ఉప్పు చివరికి చేరేది నేలలోకే.

మొక్కలకు మెత్తటి నీళ్లు పోయకూడదు. సోడియం ఎక్కువైతే నేల బిగిసిపోయి నీరు ఇంకదు. మల్లె, కరివేపాకు ఆకు అంచులు మాడిపోతాయి. తోట కుళాయికి బోరు నీళ్లు నేరుగా ఇవ్వండి. క్యాల్షియం, మెగ్నీషియం మొక్కలకు ఆహారమే.

అరిజోనా తెలుగు

పెరటితోట గారు చెప్పిన భయం ఉత్తదేమీ కాదు. కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటా లోయలో ఇళ్ల సాఫ్ట్‌నర్ల నుంచి వచ్చే క్లోరైడ్ మురుగు శుద్ధి కేంద్రాల గుండా నదిలో చేరుతోందని, ప్రజల ఓటుతో 2009 నుంచి ఆటోమేటిక్ సాఫ్ట్‌నర్లనే నిషేధించారు. మేముండే చోట కూడా నీళ్లు కఠినమైనవే, గరాజ్‌లో సాఫ్ట్‌నర్ ఉండటం ఇక్కడ మామూలు విషయం. కానీ ఇక్కడి ఇళ్లకు వీధి పైపులోనే మూడు నాలుగు బార్ల ఒత్తిడి ఉంటుంది, ఇంటి మీద ట్యాంకు ఉండదు. ఇక్కడి వీడియోలు చూసి అక్కడ అలాగే బిగించమంటే పైపులైను గారు చెప్పిన తంటాలన్నీ వస్తాయి. ఇక్కడ కఠినత్వాన్ని గ్రెయిన్లలో చెబుతారు, గ్యాలన్‌కు ఒక గ్రెయిన్ అంటే లీటరుకు 17.1 మిల్లీగ్రాములు. మీ 560 దాదాపు 33 గ్రెయిన్లు, ఇక్కడి లెక్కలో కూడా చాలా ఎక్కువ.

వంటిల్లు

వంట సంగతి మగవాళ్లెవరూ ఎత్తలేదు. బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదన్నది మనందరికీ తెలిసిందే. క్యాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌ను (గింజను అతికి ఉంచే జిగురు పదార్థం) బిగబట్టేస్తుంది, ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. అందుకే పెద్దవాళ్లు చిటికెడు వంటసోడా వేసేవారు. మెత్తటి నీళ్లలో పప్పు త్వరగా ఉడుకుతుంది, ఎందుకంటే ఆ నీళ్లలో మిగిలేది సోడియం బైకార్బనేటే, అంటే వంటసోడాయే. కానీ ఆ నీళ్లతో కాఫీ పెడితే రుచి చప్పగా, ఏదో తేడాగా ఉంటుంది.

అమ్మగారి రక్తపోటు గురించి అడిగారు కాబట్టి, సాఫ్ట్‌నర్ నీళ్లలో సోడియం ఎంత పెరుగుతుందో పరీక్షనాళిక గారు చెబితే బాగుంటుంది.

పరీక్షనాళిక

వంటిల్లు గారి పప్పు రసాయన శాస్త్రం కచ్చితంగా సరైనది. ఒక మిల్లీగ్రాము కఠినత్వం తీస్తే 0.46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. 500 తీస్తే 230. మీ నీటిలో ఇప్పటికే ఉన్న 76తో కలిపితే లీటరుకు 306 మిల్లీగ్రాములు. రోజుకు రెండు లీటర్లు తాగితే సుమారు 610. పెద్దవారు రోజుకు రెండు గ్రాముల లోపు సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ కోటాలో మూడో వంతు ఉత్త నీళ్లకే పోవడం రక్తపోటు ఉన్నవారికి మంచిది కాదు. సాఫ్ట్‌నర్ కుళాయి నీళ్లు ఆమె నేరుగా తాగకూడదు, వంటకూ వాడకూడదు.

అయితే సాఫ్ట్‌నర్ నీళ్లను ఆర్వోలోకి పంపితే పొర మీద సున్నం పట్టక అది ఎక్కువకాలం వస్తుంది. సోడియంలో చాలాభాగాన్ని, ఫ్లోరైడ్‌ను కూడా ఆర్వోనే తీసేస్తుంది. అందుకని వంటింట్లో ఆర్వోకు మెత్తటి లైను, సింకు కుళాయికి మామూలు లైను ఇవ్వండి. తాగడానికి, అన్నం, పప్పు వండటానికి ఆర్వో నీళ్లు వాడితే సరిపోతుంది.

గాజుతలుపు

మాకు పెళ్లైన కొత్తలో బోరు నీళ్ల వల్ల జుట్టు రాలిపోతోందని ఇంటిల్లిపాదీ నమ్మేవాళ్లం. సాఫ్ట్‌నర్ పెట్టిస్తే జుట్టు రాలడం, చర్మం దురద తగ్గుతాయని అమ్మేవాళ్లు చెబుతుంటారు. అది నిజమేనా?

పరీక్షనాళిక

జుట్టు రాలడానికి కఠిన జలమే కారణమని చెప్పగలిగే గట్టి ఆధారం లేదు. సబ్బు మడ్డి అంటుకుని జుట్టు గరుకుగా, చిక్కులు పడుతూ ఉండటం మాత్రం నిజం. చర్మం విషయంలో ఒక మంచి పరీక్ష జరిగింది. ఇంగ్లండులో ఎగ్జిమా (దురదతో కూడిన చర్మవ్యాధి) ఉన్న 336 మంది పిల్లల్లో కొందరి ఇళ్లకు సాఫ్ట్‌నర్లు బిగించి, పన్నెండు వారాల తర్వాత మిగిలిన పిల్లలతో పోల్చి చూశారు. 2011లో ఫలితాలు ప్రచురించారు; ఎవరింట్లో సాఫ్ట్‌నర్ ఉందో తెలియని నర్సులు కొలిచినప్పుడు రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. చర్మం కోసం సాఫ్ట్‌నర్ కొనమని నేనైతే చెప్పను. గీజర్ల కోసం, కుళాయిల కోసం, గాజు తలుపుల మీద తెల్ల చారల కోసమైతే చెబుతాను.

పాతబోరు

గొట్టం చుట్టూ అయస్కాంతం కట్టేవి, తీగ చుట్టే ఎలక్ట్రానిక్ పెట్టెలు కూడా అమ్ముతున్నారు. ఉప్పు అక్కర్లేదు, కడగనక్కర్లేదు అంటున్నారు. వాటి మాటేమిటి?

పైపులైను

అవి క్యాల్షియంను తీయవు. బిగించాక నీటిని పరీక్షిస్తే అదే 560 వస్తుంది. "తీయం, అంటుకోకుండా చేస్తాం" అని అమ్మేవాళ్లే చెబుతారు. ఆ మాటను మీ ఇంట్లో రుజువు చేసి చూపించే పరీక్ష ఏదీ వాళ్ల దగ్గర ఉండదు. సాఫ్ట్‌నర్ అయితే పనిచేస్తోందో లేదో కఠినత్వం కొలిచే చుక్కల మందు కిట్‌తో నిమిషంలో తెలిసిపోతుంది: కఠినత్వం ఉంటే నీళ్లు ద్రాక్షరంగులోకి మారతాయి, చుక్కలు వేస్తూ పోతే ఎక్కడ నీలంగా తిరుగుతాయో అక్కడ లెక్క ఆపాలి. కిట్ లేకుండా సాఫ్ట్‌నర్ కొనకండి.

సోలార్ హీటరు పెట్టాలనుకుంటే రాగి గొట్టాల పలక రకం ఈ నీళ్లకు త్వరగా మూసుకుపోతుంది, గాజు గొట్టాల రకమే నయం.

కొత్తిల్లు

అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాం. యంత్రం ఇప్పుడు కొనడం లేదు. మే నెలలో మళ్లీ నీళ్లు పరీక్ష చేయిస్తాం, ఈలోగా గోదావరి లైను సంగతి కూడా తేలవచ్చు. కానీ గోడలు మూసేలోపు మేడ మీది నుంచి రెండు వేర్వేరు లైన్లు దింపిస్తున్నాం: స్నానాల గదుల కుళాయిలు, గీజర్లు, వాషింగ్ మెషీన్, ఆర్వోలకు ఒకటి, ఫ్లష్‌లు, తోట, సింకు, కార్ల దగ్గరి కుళాయికి ఇంకొకటి. మేడ మీద రెండు ట్యాంకులు పెడుతున్నాం, సంపును కూడా మధ్యలో గోడ కట్టి రెండుగా విడదీయమని మేస్త్రీకి చెప్పాం. నది నీళ్లు వస్తే ఒక వైపు అవి, రెండో వైపు బోరు నీళ్లు. అప్పుడు సాఫ్ట్‌నర్ అవసరమే ఉండకపోవచ్చు. మా కాలనీలో భూగర్భ డ్రైనేజీ ఉంది కాబట్టి పెరటితోట గారి షరతు కూడా తీరుతుంది.

ఒక సందేహం మిగిలింది. చివరికి యంత్రమే పెట్టవలసి వస్తే, దానికి ఖరీదైన ఉప్పు బిళ్లలే కావాలా, కిరాణా కొట్లో దొరికే కళ్లుప్పు సరిపోతుందా?

పాతబోరు

సంపు రెండుగా విడదీయడం అన్నిటికంటే మంచి పని. మా బంధువుల ఇళ్లలో నది నీళ్లు వచ్చాక కూడా ఒకే సంపులో కలిపేసుకుని, మళ్లీ సున్నం గురించి బాధపడుతున్నారు. మధ్య గోడ నీళ్లు కారకుండా రెండు వైపులా ప్లాస్టరింగ్ గట్టిగా చేయించండి, లేకపోతే విడదీసిన ఫలితం ఉండదు. సాఫ్ట్‌నర్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

పైపులైను

కళ్లుప్పు పనిచేస్తుంది. సోడియం క్లోరైడ్ అయితే చాలు, అయోడిన్ కలిపిన మెత్తటి పొడి ఉప్పు మాత్రం గడ్డకట్టి ట్యాంకులో వంతెనలా నిలబడుతుంది, కింద ద్రావణం తయారు కాదు. కళ్లుప్పుతో ఇబ్బంది ఏమిటంటే, చినగంజాం, నౌపడ వంటి చోట్ల మడుల్లో పండించే ఉప్పులో కొంత మట్టి, ఇసుక ఉంటాయి. అవి ట్యాంకు అడుగున బురదగా చేరి, ఉప్పు నీటిని పీల్చే సన్నటి గొట్టాన్ని మూసేస్తాయి. గుప్పెడు ఉప్పు గాజు గ్లాసులో కరిగించి, ఒక గంట ఆగి అడుగు చూడండి. మట్టి పొర కనిపిస్తే బిళ్లలు కొనండి, లేదా ఆ ట్యాంకును రెండు మూడు నెలలకొకసారి ఖాళీ చేసి కడుక్కోండి.

లైన్లు దింపించేటప్పుడు మేడ మీద సాఫ్ట్‌నర్ రాబోయే చోట రెండు గొట్టాల చివర్లూ ఎండ్ క్యాప్ వేసి వదలమనండి. పక్కనే ఒక ప్లగ్ పాయింటు, మురుగు గొట్టానికి పోయే ఒకటిన్నర అంగుళాల డ్రెయిన్ కూడా ఉండాలి. ఆ డ్రెయిన్‌లోకి యంత్రం గొట్టాన్ని దూర్చి సీల్ చేయకూడదు. అంగుళం రెండంగుళాలు పైన వదిలి పడేటట్టు పెట్టాలి, లేకపోతే మురుగు నీళ్లు వెనక్కి తన్నినప్పుడు మీ రెజిన్‌లోకి వస్తాయి.